అట్ట మీద చికాగో, టేపు మీద హాలీవుడ్: ఒక శాక్సఫోన్ ఆల్బమ్ పూర్వాపరాలు

శాక్సఫోన్ విద్వాంసుడు క్యానన్‌బాల్ ఆడర్లీ తన క్వింటెట్‌తో, అంటే ఐదుగురి జాజ్ బృందంతో, చేసిన ‘మెర్సీ, మెర్సీ, మెర్సీ! లైవ్ ఎట్ ది క్లబ్’ ఆల్బమ్‌ను క్యాపిటల్ సంస్థ విడుదల చేసినప్పుడు, అది చికాగోలోని ఒక క్లబ్‌లో జరిగిన కచేరీ అని దాని అట్ట మీద రాశారు. నిజానికి ఆ సంగీతాన్ని 1966 అక్టోబరు 20న హాలీవుడ్‌లోని క్యాపిటల్ స్టూడియోలోనే, శ్రోతలను ప్రత్యేకంగా పిలిపించి, వారికి మద్యం కూడా ఏర్పాటు చేసి రికార్డు చేశారు. చికాగో క్లబ్ యజమాని ఆడర్లీకి మిత్రుడు కావడంతో, ఆయనకు కొంత ఉచిత ప్రచారం దక్కాలని అట్ట మీద అలా వేశారన్నది తర్వాత బయటపడిన సంగతి.

స్టూడియోలోకి శ్రోతలను రప్పించవలసిన అవసరం ఎందుకు కలిగిందో తెలియాలంటే 1959 దాకా వెళ్లాలి. ఆ ఏడాది ఆడర్లీ బృందం శాన్‌ఫ్రాన్సిస్కోలోని జాజ్ వర్క్‌షాప్ క్లబ్‌లో వాయించగా రికార్డయిన ఆల్బమ్, అందులోనూ పియానిస్టు బాబీ టిమ్మన్స్ కట్టిన ‘దిస్ హియర్’, బాగా జనంలోకి వెళ్లాయి. నల్లజాతి చర్చిల్లోని గాస్పెల్ అనే భక్తిగీతాల ఒరవడిని, నల్లవారి జానపద బాణీ అయిన బ్లూస్‌ను జాజ్‌లోకి బాహాటంగా తెచ్చిన ఈ ధోరణికే సోల్ జాజ్ అన్న పేరు స్థిరపడింది. చర్చిలో భక్తుల బదులు పలుకు లేనిదే ప్రబోధం రక్తి కట్టనట్టే, ఈ సంగీతానికీ వినేవారి కేకలు, చప్పట్లు కావాలి. 1966 నాటి నిర్మాత డేవిడ్ ఆక్సెల్‌రాడ్ స్టూడియోలో సమకూర్చినది ఆ వాతావరణాన్నే కాబట్టి, దాన్ని ఉత్త మోసమని కొట్టిపారేయడం నాకు సబబుగా తోచదు.

ఆల్బమ్‌కు పేరిచ్చిన బాణీ ఆడర్లీది కాదు. వియన్నాలో పుట్టి, 1959లో అమెరికా చేరి, 1961 నుంచి ఈ బృందంలో పియానో వాయిస్తూ వచ్చిన జో జావినుల్ రచన. కష్టం వచ్చి పడినప్పుడు ఏం చేయాలో మనకు పాలుపోదని ఆడర్లీ ముందుగా తీరుబడిగా ప్రసంగిస్తారు. ఆపైన జావినుల్ వుర్లిట్జర్ ఎలక్ట్రిక్ పియానో మీద రెండు కార్డ్‌ల (కలిపి మోగించే స్వరాల గుత్తుల) మధ్యే ఊగుతూ బాణీ ఎత్తుకుంటే, ఆడర్లీ ఆల్టో శాక్సఫోన్, ఆయన తమ్ముడు నాట్ ఆడర్లీ కార్నెట్ (ట్రంపెట్ వంటి ఊదే వాద్యం) కలిసి పల్లవి అందుకుంటాయి. బాణీ పైస్థాయికి చేరేసరికి జనం కేకలు మిన్నంటుతాయి. విచిత్రమేమిటంటే, ఇంత పేరు పొందిన ఈ పాటలో బృంద నాయకుడికి సోలో, అంటే ఒంటరిగా వాయించే వంతు, లేదు. మిగిలిన పాటల్లో తనివితీరా వాయించిన మనిషి ఇక్కడ బాణీకి అండగా నిలిచి, ముందు వరుసను ఎలక్ట్రిక్ పియానోకు వదిలేశారు.

ఎలక్ట్రిక్ పియానో అప్పటికి కొత్తదేమీ కాదు. రే చార్లెస్ 1959లోనే దానితో ‘వాట్ డ్ ఐ సే’ అనే పెద్ద హిట్ ఇచ్చారు. అయితే పేరున్న ఒక జాజ్ బృందం దాన్ని నడిబొడ్డున నిలిపి జనాదరణ పొందడం మాత్రం చెప్పుకోదగిన మలుపు. 1967లో ఈ బాణీ సింగిల్ రికార్డు అమెరికాలోని బిల్‌బోర్డ్ పాప్ పట్టికలో 11వ స్థానానికి ఎక్కింది, ఆల్బమ్‌కు గ్రామీ వచ్చింది. అదే ఏడాది బకింగ్‌హామ్స్ అనే పాప్ బృందం మాటలు చేర్చి పాడిన రూపం 5వ స్థానం దాకా వెళ్లింది.

జాజ్‌ను రాక్ సంగీతంతో, ఎలక్ట్రిక్ వాద్యాలతో కలిపిన ఫ్యూజన్ చరిత్రను ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ 1969 రికార్డులతో మొదలుపెట్టడం వ్యాసకర్తలకు అలవాటు. కానీ ఆ ఫిబ్రవరిలో డేవిస్ రికార్డు చేసిన ‘ఇన్ ఎ సైలెంట్ వే’ ఆల్బమ్‌కు పేరిచ్చిన బాణీ జావినుల్‌దే. ఆగస్టులో రికార్డయిన ‘బిచెస్ బ్రూ’లోని తొలి రచన కూడా ఆయనదే. అప్పటికీ ఆయన ఆడర్లీ బృందంలోనే ఉన్నారు. 1970లో బయటికి వచ్చి శాక్సఫోన్ వాద్యకారుడు వేన్ షార్టర్ తదితరులతో వెదర్ రిపోర్ట్ అనే ఫ్యూజన్ బృందాన్ని స్థాపించాక, ఆడర్లీ పక్కన ఆ స్థానంలోకి వచ్చిన జార్జ్ డ్యూక్ కూడా ఆ తర్వాత ఫ్యూజన్‌లో పేరు తెచ్చుకున్నవారే.