కొత్త ట్రాక్టర్ ఇంజిన్‌లో సింథటిక్ ఆయిల్ ఎప్పుడు పోయాలి?

కొత్త ట్రాక్టర్ ఇంజిన్ ఆయిల్ గురించి రెండు వాదనలు తరచుగా వినిపిస్తాయి. సింథటిక్ ఆయిల్‌కు జారుడు గుణం మరీ ఎక్కువ కాబట్టి దానిని ముందే పోస్తే పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు ఎప్పటికీ కుదురుకోవనీ, ఆ ఇంజిన్ జీవితాంతం ఆయిల్ తాగుతూనే ఉంటుందనీ ఒక పక్షం అంటుంది. మేలైన ఆయిల్ ఎంత త్వరగా పోస్తే అంత మంచిదనీ, అరుగుదలను మొదటి గంట నుంచే అరికట్టవచ్చనీ రెండో పక్షం అంటుంది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది గాని, అసలు సంగతి రెండింటికీ బయటే ఉంది. రింగుల కుదురును ప్రధానంగా నిర్ణయించేది ఇంజిన్ మీద పడిన పని భారం. సంప్‌లో, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, ఏ ఆయిల్ ఉందన్నది ఆ తర్వాతి మాట. కాబట్టి ఆయిల్ ఎప్పుడు మార్చాలన్న ప్రశ్నకు జవాబు, లోపల ఆ కుదురు ఎంతవరకు వచ్చిందన్న దానిని బట్టి తేలాలి.

కొత్త సిలిండర్ గోడ చేతికి నున్నగా తగిలినా, భూతద్దం కింద చూస్తే అదంతా గీతలమయం. కర్మాగారంలో బోర్‌ను (సిలిండర్ లోపలి రంధ్రాన్ని) తుది కొలతకు తెచ్చేటప్పుడు హోనింగ్ రాళ్లతో ఏటవాలుగా, ఒకదానినొకటి దాటిపోయే సన్నని గీతలను కావాలనే వేస్తారు. వాటి లోతు కొన్ని మైక్రాన్లకు మించదు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఈ గీతల పల్లాల్లో నిలిచిన ఆయిల్, రింగు పైకీ కిందికీ కదిలినప్పుడల్లా దానికి పల్చని పొరగా అందుతుంది. పల్లాల మధ్య మిగిలిన మిట్టలు రింగు ముఖానికి నేరుగా తగులుతాయి. మొదటి గంటల్లో ఆ మిట్టల కొనలు అరిగి చదునవుతాయి, రింగు ముఖం కూడా తాను కూర్చున్న సిలిండర్ ఆకారానికి తగ్గట్టు రవ్వంత అరుగుతుంది. మిట్టలు చదునై, పల్లాలు మాత్రం ఆయిల్ నిలుపుకొనేటంతగా మిగిలిన స్థితికి చేరగానే అరుగుదల వేగం బాగా పడిపోతుంది, ఎందుకంటే భారాన్ని మోసే వైశాల్యం పెరిగి ఏ ఒక్క చోటా ఒత్తిడి ఎక్కువగా ఉండదు. మెకానిక్‌లు రన్నింగ్-ఇన్ అని పిలిచే దశలో జరిగేది ఇదే. ఈ పనిలో చాలా భాగాన్ని ఇటీవలి కర్మాగారాలు ముందే పూర్తిచేసి పంపుతున్నాయి: గీతలు వేశాక మరింత సన్నని రాళ్లతో మిట్టల కొనలను తీసివేస్తాయి. అందువల్ల పాత తరం ఇంజిన్లతో పోలిస్తే నేటి ఇంజిన్ త్వరగా కుదురుకుంటుంది. పూర్వం నుంచి వస్తున్న అనేక జాగ్రత్తలు ఆ పాత ఇంజిన్లను చూసి ఏర్పడినవే.

రింగును గోడకు అదిమేది ఏమిటో తెలిస్తే మిగతా విషయం సులభంగా అర్థమవుతుంది. రింగుకు స్ప్రింగులాగా విచ్చుకునే సహజ గుణం ఉంది గాని, ఆ బలం స్వల్పం. ఇంధనం మండినప్పుడు పుట్టే వాయువు పిస్టన్ గాడిలో రింగు వెనుకకు చేరి దానిని బయటికి నెడుతుంది; గట్టి పని మీద ఉన్న టర్బో డీజిల్ ఇంజిన్‌లో ఆ వాయు పీడనం 100 బార్లు దాటుతుంది. ఇంజిన్‌ను ఊరకే నడుపుతూ వదిలేస్తే ఈ పీడనం తగినంతగా ఏర్పడదు, సిలిండర్ గోడ కూడా సరిగా వేడెక్కదు. అప్పుడు రింగును దాటి పైకి చేరిన ఆయిల్, పూర్తిగా మండని డీజిల్ కలిసి గోడ మీద వార్నిష్ లాంటి పొరగా గట్టిపడి, హోనింగ్ గీతల్లోని పల్లాలను పూడ్చివేస్తాయి. దీనినే గ్లేజింగ్ అంటారు. గ్లేజింగ్ తొలి దశలో ఉంటే గట్టి పనితో కొంతవరకు సర్దుకోవచ్చు. ముదిరితే మాత్రం ఇంజిన్ విప్పి మళ్లీ హోనింగ్ చేయించడం తప్ప దారి లేదు, ఏ ఆయిల్ మార్చినా ఫలితం ఉండదు. సింథటిక్ ఆయిల్ వల్ల ఇంజిన్ పాడైందని చెప్పే సందర్భాల్లో మొదటి గంటలు ఎలా నడిచాయని అడగడం నా దృష్టిలో ఎంతో అవసరం. కొత్త బండి కదా అని సున్నితంగా, తక్కువ భారంతో, ఎక్కువసేపు ఐడిల్‌లో నడిపిన ఇంజిన్‌కు మినరల్ ఆయిల్ పోసి ఉన్నా అదే గతి పట్టేది.

ఇక జారుడు గుణం మాటకు వద్దాం. ఘర్షణ ఎక్కడ ఎలా మారుతుందో 1902లో జర్మన్ ఇంజినీరు రిచర్డ్ స్ట్రిబెక్ బేరింగుల మీద ప్రయోగాలతో చూపించాడు. ఆ మార్పును చూపే వక్రరేఖకు నేటికీ ఆయన పేరే ఉంది. వేగం, స్నిగ్ధత (ఆయిల్ చిక్కదనం) ఎక్కువగా ఉండి భారం తక్కువగా ఉన్నప్పుడు ఆయిల్ పొర రెండు లోహాలను పూర్తిగా వేరుచేస్తుంది. వేగం తగ్గి భారం పెరిగిన చోట పొర పల్చబడి మిట్టలు ఒకదానికొకటి తగులుతాయి. పిస్టన్ సిలిండర్ మధ్య భాగంలో వేగంగా పోయేటప్పుడు మొదటి స్థితి ఉంటుంది. పై కొసలోనూ కింది కొసలోనూ అది ఆగి దిశ మార్చుకునే క్షణంలో రెండో స్థితి వస్తుంది, రింగుల అరుగుదల ప్రధానంగా జరిగేదీ అక్కడే. పొర మందాన్ని నిర్ణయించే వేగం, భారం, స్నిగ్ధత అనే మూడింటిలో బేస్ ఆయిల్ (రసాయనాలు కలపక ముందటి మూల ద్రవం) సహజమైనదా, సంశ్లేషితమైనదా అన్న ప్రస్తావన లేదు. ఆయిల్ గ్రేడులో డబ్ల్యూ ముందున్న అంకె చలిలో దాని ప్రవర్తనను, వెనుకనున్న అంకె వేడిలో దాని చిక్కదనాన్ని తెలుపుతాయి. 15డబ్ల్యూ-40 మినరల్ ఆయిల్ అయినా, 5డబ్ల్యూ-40 సింథటిక్ ఆయిల్ అయినా 100 డిగ్రీల సెల్సియస్ వద్ద వాటి స్నిగ్ధత 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్‌ల (స్నిగ్ధతను కొలిచే ప్రమాణం) మధ్యనే ఉండాలని ప్రమాణం చెబుతుంది. అంటే ఇంజిన్ వేడెక్కాక రెండూ ఇంచుమించు ఒకే మందపు పొరను ఇస్తాయి. పొర తెగిన చోట లోహాన్ని కాపాడేవి ఆయిల్‌లో కలిపిన రసాయనాలు, ముఖ్యంగా జింక్, ఫాస్ఫరస్ ఉన్న జడ్‌డీడీపీ. అది రెండు రకాల ఆయిల్స్‌లోనూ ఉంటుంది. కొత్త ఇంజిన్‌లో సింథటిక్ పోస్తే రింగులు కుదురుకోవన్న భయానికి కార్ల పరిశ్రమ ఎప్పుడో జవాబిచ్చింది: 1992 మోడల్ షెవర్లే కార్వెట్ కర్మాగారం నుంచే సింథటిక్ ఆయిల్‌తో బయటికి వచ్చింది, ఆ తర్వాత మరెన్నో కార్లు అదే దారి పట్టాయి.

అయితే కారుకు సరిపోయినది ట్రాక్టర్‌కు సరిపోతుందని అనుకోవడానికి వీలులేదు, ఎందుకంటే కొందరు ట్రాక్టర్ తయారీదారులు రన్నింగ్-ఇన్ కోసం ప్రత్యేకమైన ఆయిల్‌నే తయారుచేస్తారు. జాన్ డీర్ దీనికి మంచి ఉదాహరణ. కొత్త లేదా రీబిల్డ్ చేసిన ఇంజిన్ కోసం ఆ సంస్థ బ్రేక్-ఇన్ పేరుతో విడిగా ఆయిల్ అమ్ముతుంది, ఆ దశలో తన సొంత ప్లస్-50 శ్రేణి ఆయిల్ కూడా వాడవద్దని మాన్యువల్‌లో చెబుతుంది. ఇక్కడ గమనించవలసిన సూక్ష్మం ఒకటుంది. ఉన్నత శ్రేణి డీజిల్ ఆయిల్స్‌ను ఆ దశకు దూరంగా ఉంచమన్నప్పుడు అవి మినరల్ అయినా, సింథటిక్ అయినా ఆ సూచన ఒకటే. అభ్యంతరం బేస్ ఆయిల్ మీద కాదు, అరుగుదలను మరీ గట్టిగా అడ్డుకునే రసాయన మిశ్రమం మీద. సింథటిక్ వద్దన్న పాత మాటలో నిలబడే భాగం ఇంతే. మాన్యువల్‌లో ఇలాంటి నిబంధన ఉంటే చర్చకు తావులేదు, దానినే పాటించాలి. లేని ఇంజిన్లకు దానిని అంటగట్టనవసరం లేదు.

కర్మాగారంలో పోసి పంపిన ఆయిల్‌ను ముందుగానే దించివేసి సింథటిక్ పోయాలన్న ఆత్రం వల్ల లాభం కనిపించదు. చాలా చిన్న ట్రాక్టర్లకు మొదటి ఆయిల్ మార్పు 50 గంటల వద్ద ఉంటుంది. పెద్ద వాటిలో ఇంకా ఎక్కువ గంటలు ఇస్తారు. రింగులు, లైనర్లు (సిలిండర్ లోపలి గొట్టాలు), బేరింగులు ఒకదానికొకటి సర్దుకునేటప్పుడు రాలే లోహపు రేణువులు, బిగింపు సమయంలో మిగిలిన సీలెంట్ ముక్కలు, పోత ఇసుక అవశేషాలు ఆ ఆయిల్‌లోనూ ఫిల్టర్‌లోనూ చేరతాయి. ఎలాగూ త్వరలో దించివేయవలసిన ఆయిల్ కాబట్టి, దాని స్థానంలో ఖరీదైనది పోసి అదే మురికిని దానికి పట్టించడం డబ్బు దండుగ. ఆ 50 గంటలూ చేయవలసింది వేరే ఉంది: ఇంజిన్‌ను వేడెక్కనిచ్చి, ఆ తర్వాత మధ్యస్థం నుంచి బరువైన పనికి పెట్టాలి, వేగాన్నీ భారాన్నీ మారుస్తూ ఉండాలి, ఆర్‌పీఎం పడిపోయి ఇంజిన్ మూలిగేలా పై గేరులో లాగించకూడదు, ఎక్కువసేపు ఐడిల్‌లో వదలకూడదు. నేల దున్నడం వంటి పని దీనికి చక్కగా సరిపోతుంది. ఖాళీ ట్రాలీతో రోడ్డు మీద తిరగడం వల్ల ఈ పని జరగదు.

మొదటి మార్పు వద్దనే సింథటిక్ పోయవచ్చా? ఆ గంటలన్నీ పైన చెప్పినట్లు పనిలో గడిచి, ఆయిల్ మట్టం నిలకడగా ఉంటే పోయవచ్చు. మాన్యువల్ అడ్డుచెప్పనంతవరకు దీనికి సాంకేతికమైన అభ్యంతరం కనిపించదు. గంటల్లో ఎక్కువ భాగం తేలికపాటి పనికే పోయి ఉంటే మాత్రం, తయారీదారు సూచించిన గ్రేడులోనే మినరల్ ఆయిల్‌ను మరొక విడత పోసి, ఆ విడతలో ఇంజిన్‌కు గట్టి పని చెప్పి, రెండో మార్పు వద్ద సింథటిక్‌కు వెళ్లడం వివేకమని నా అభిప్రాయం. దీనివల్ల పోయేదేమీ లేదు.

రింగులు కుదురుకున్నాయో లేదో బయటి నుంచి తెలుసుకునే మార్గాల్లో డిప్‌స్టిక్ అన్నిటికంటే చవకైనది. సమతలమైన నేల మీద, ఇంజిన్ ఆపి ఆయిల్ కిందికి దిగేదాకా ఆగి, ప్రతిసారీ ఒకే పద్ధతిలో చూస్తూ అవర్ మీటర్ రీడింగుతో పాటు రాసుకుంటే, ఆయిల్ వాడకం మొదట్లో కొంత ఉండి క్రమంగా తగ్గి ఒక స్థాయిలో నిలవడం కనిపిస్తుంది. క్రాంక్‌కేస్ బ్రీదర్ (ఇంజిన్ అడుగు భాగంలోని వాయువులను బయటికి వదిలే గొట్టం) నుంచి వచ్చే పొగ తగ్గడం మరొక సూచన. ఇంకా కచ్చితంగా తెలియాలంటే ఆయిల్ నమూనాను ప్రయోగశాలకు పంపవచ్చు. కొత్త ఇంజిన్‌లో ఇనుము పాలు మొదటి నమూనాలో ఎక్కువగా ఉండి, తర్వాతి నమూనాల్లో గంటల లెక్కన తగ్గుతూ వస్తుంది. సిలికాన్ కనిపించగానే ఎయిర్ ఫిల్టర్ నుంచి దుమ్ము పోతోందని కంగారు పడనవసరం లేదు, కొత్త ఇంజిన్‌లో సీలెంట్ నుంచి కూడా అది వస్తుంది. రాగి సైతం కొత్త ఆయిల్ కూలర్ నుంచి కొంతకాలం కరిగి వస్తూ ఉంటుంది. ఒక్క నమూనా చూసి తీర్పు చెప్పకుండా, వరుసగా రెండు మూడింటిని పోల్చాలి.

ఏ సింథటిక్ పోయాలన్నది ఎప్పుడు పోయాలన్నంత ముఖ్యమే. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉన్న మాట కంటే చిన్న అక్షరాలతో ఉన్న ప్రమాణాన్ని చూడాలి. మాన్యువల్ ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) వారి డీజిల్ ఆయిల్ ప్రమాణం సీకే-4 అడిగితే డబ్బా మీద సీకే-4 ఉండాలి. 2016 చివరలో దానితోపాటే వచ్చిన ఎఫ్‌ఏ-4 మాత్రం పల్చని ఆయిల్స్ కోసం ఉద్దేశించినది. తయారీదారు ప్రత్యేకంగా అనుమతించని ఇంజిన్‌లో దానిని పోయరాదు. పొగ గొట్టంలో మసి ఫిల్టర్ ఉన్న ఇంజిన్‌కు బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే వాడాలి, లేకపోతే ఆ బూడిద ఫిల్టర్‌లో పేరుకుపోతుంది, దానిని కాల్చి పోగొట్టడం సాధ్యపడదు. పెట్రోలు కార్ల కోసం చేసిన సింథటిక్ ఎంత ఖరీదైనదైనా డీజిల్ ట్రాక్టర్‌కు పనికిరాదు. ఇంజిన్ ఆయిల్‌ను గేర్‌బాక్సు, హైడ్రాలిక్స్‌లో పోయడమూ అలాంటి పొరపాటే. వాటికి కావలసిన ఆయిల్ వేరు.

మారినందువల్ల దక్కే లాభం ట్రాక్టర్ చేసే పనిని బట్టి మారుతుంది. మినరల్ ఆయిల్‌లోని మైనం చలికి గడ్డకట్టి ఆయిల్‌ను చిక్కబరుస్తుంది. పాలీఆల్ఫాఓలిఫిన్ అనే కృత్రిమ ద్రవంతో చేసిన సింథటిక్‌లో మైనం ఉండదు. క్రాంక్ తిరిగేటప్పటి స్నిగ్ధతను 15డబ్ల్యూ ఆయిల్‌కు మైనస్ 20 డిగ్రీల వద్ద, 5డబ్ల్యూ ఆయిల్‌కు మైనస్ 30 డిగ్రీల వద్ద పరీక్షిస్తారు. గడ్డకట్టే చలిలో పొద్దున్నే ఇంజిన్ తీసేవారికి ఇది పెద్ద తేడా, చలి ఎరుగని చోట నామమాత్రం. వేడి విషయంలో లాభం ఎక్కువమందికి వర్తిస్తుంది. స్థూలంగా ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకు ఆయిల్ ఆక్సీకరణ వేగం రెట్టింపు అవుతుంది; నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరగగల టర్బో బేరింగుల దగ్గర, ముఖ్యంగా గట్టి పని తర్వాత ఇంజిన్‌ను ఠక్కున ఆపినప్పుడు, అక్కడే నిలిచిపోయిన ఆయిల్ మాడి బొగ్గుగా మారే ప్రమాదం ఉంది. సింథటిక్ ఆయిల్ దీనికి బాగా తట్టుకుంటుంది. అలాగని ఆయిల్ మార్చే గడువును సొంతంగా పెంచుకోవడం సరికాదు. మసి, డీజిల్ కలవడం, ఫిల్టర్ నిండిపోవడం అనేవి బేస్ ఆయిల్ ఏదైనా ఒకేలా సాగుతాయి, పైగా వారంటీ గడువు మాన్యువల్‌లోని గంటలకే కట్టుబడి ఉంటుంది. ఏడాదికి వంద గంటలు కూడా తిరగని ట్రాక్టర్‌కు గంటలు నిండకపోయినా ఏడాదికోసారి ఆయిల్ మార్చాలని మాన్యువల్ చెబితే, అక్కడ మంచి మినరల్ ఆయిలే చాలు.

మినరల్ నుంచి సింథటిక్‌కు మారేటప్పుడు ఇంజిన్‌ను కడిగించనవసరం లేదు. సాధారణ ఇంజిన్ ఆయిల్స్ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి కాబట్టి సంప్ మూలల్లో మిగిలిన పాత ఆయిల్ హాని చేయదు. వేడిగా ఉన్నప్పుడు పూర్తిగా దించి, ఫిల్టర్ మార్చితే సరిపోతుంది. ఒకసారి సింథటిక్ పోస్తే మళ్లీ వెనక్కి వెళ్లరాదన్న మాటకూ ఆధారం లేదు.

ఇదంతా కర్మాగారం నుంచి వచ్చిన ఇంజిన్‌కే పరిమితం కాదు. పాత ట్రాక్టర్‌కు కొత్త లైనర్లు, రింగులు వేయించినప్పుడు లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, అదీ వర్క్‌షాపులో హోనింగ్ చేసిన బోర్ అయితే కర్మాగారపు నునుపు ఉండదు కాబట్టి కుదురుకోవడానికి ఇంకొంచెం ఎక్కువ సమయం ఇవ్వాలి. అవర్ మీటర్ మాత్రం పాత అంకె నుంచే కొనసాగుతుంది. ఇంజిన్ బిగించిన రోజు రీడింగును సర్వీసు పుస్తకంలో రాసి పెట్టుకోకపోతే, సింథటిక్‌కు మారవలసిన గంట వచ్చిందో లేదో తర్వాత చెప్పేవారుండరు.