చంపినవాడి మీద జాలి ఎందుకు కలుగుతుంది? పగ సినిమాలపై అపోహలు - వాస్తవాలు

విశాఖలో షార్ట్ ఫిల్ములు తీసే కుర్రాళ్లు ఎడిటింగ్ కోసం నా దగ్గరికి తెచ్చే కథల్లో పగ కథలు ఎక్కువ. 'హీరోయే విలన్ సార్, కానీ జనం వాడి వైపే ఉండాలి' అంటారు. మాట్లాడుతూ ఉంటే కాసేపటికి 'బాజీగర్' పేరు వస్తుంది. ఆ హిందీ సినిమా 1993 నవంబరులో వచ్చింది. వీళ్లలో చాలామంది అప్పటికి పుట్టనేలేదు, ఫోన్లో చూసి మనసు పారేసుకున్నవాళ్లే. నేవీ, స్టీల్ ప్లాంట్ ఉన్న ఊరు కదా, ఇక్కడ హిందీ సినిమా ఎప్పుడూ పరాయిది కాదు.

నాకూ ఈ రకం కథలంటే ప్రాణం. అందుకే వాటి గురించి పాతుకుపోయిన కొన్ని నమ్మకాలు చూస్తే బాధేస్తుంది. మంచి కథలు వాటివల్లే పాడైపోవడం నా ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద చాలాసార్లు చూశాను.

అపోహ: కన్నీళ్లు పెట్టించే ఫ్లాష్‌బ్యాక్ ఒకటి ఉంటే చాలు, ఎంత చెడ్డవాడి మీదైనా జాలి పుడుతుంది.

వాస్తవం: ఫ్లాష్‌బ్యాక్‌లో ఏముంది అన్నదానికంటే అది ఎప్పుడు వస్తుందన్నదే ముఖ్యం. బాజీగర్‌లో షారుఖ్ ఖాన్ పాత్ర అజయ్. ఒకచోట అజయ్‌గానే, ఇంకోచోట విక్కీ మల్హోత్రా అనే పేరుతో, వ్యాపారి మదన్ చోప్రా ఇద్దరు కూతుళ్లకూ ఒకరికి తెలియకుండా ఒకరికి దగ్గరవుతాడు. పెద్దమ్మాయి సీమను పెళ్లి చేసుకుంటానని రిజిస్ట్రార్ ఆఫీసుకి తీసుకెళ్తాడు. అది భోజనాల వేళ, ఆఫీసు మూసి ఉంటుంది. కాసేపు పైన కూర్చుందాం రమ్మని మేడ మీదికి తీసుకెళ్లి, అక్కడినుంచి కిందికి తోసేస్తాడు. చోప్రా అజయ్ కుటుంబాన్ని ఎలా నాశనం చేశాడన్న పూర్తి కథ మనకు తెలిసేది ఆ తర్వాత ఎంతోసేపటికి.

అంటే ఆ అమ్మాయి కింద పడే క్షణంలో మన చేతిలో ఏ సాకూ లేదు. హత్యను హత్యగానే చూస్తాం. తర్వాత కారణం తెలిసినప్పుడు, అప్పటికే మనలో ఉన్న అసహ్యంతో పాటే జాలి కూడా వచ్చి చేరుతుంది. రెండూ ఒకేసారి మనసులో ఉండటమే ఈ రకం సినిమాకి ప్రాణం. అదే ఫ్లాష్‌బ్యాక్‌ని మొదటి పది నిమిషాల్లో పెట్టి ఉంటే ఆ హత్య ఒక లెక్క తీర్చుకోవడంగా కనిపించేది. సీటు అంచుకు వచ్చి కూర్చునేవాళ్లం కాదు.

అపోహ: ఈ కథ ఉన్నదున్నట్టు ఇంగ్లీషు నుంచి ఎత్తేసినదే, మనవాళ్లు కొత్తగా చేసిందేమీ లేదు.

వాస్తవం: మూలం ఉన్న మాట నిజమే. ఐరా లెవిన్ 1953లో రాసిన నవల, 'ఎ కిస్ బిఫోర్ డయింగ్'. మేడ మీదినుంచి తోసేయడం కూడా అందులో ఉంది. కానీ ఆ నవలలో హంతకుడికి కావలసింది డబ్బు. అమ్మాయి తండ్రి ఆస్తి మీదే వాడి కన్ను. హిందీవాళ్లు ఆ ఒక్క పుల్లను మార్చారు. ఆశ ఉన్నచోట పగ పెట్టారు, పగ వెనక మతి చెదిరిన తల్లిని పెట్టారు. రాఖీ వేసిన ఆ తల్లి పాత్రే లేకపోతే అజయ్ మీద మనకు ఏ మమకారమూ ఉండదు.

పగ తీర్చుకునే పద్ధతి చూడండి. చోప్రా ఆనాడు అజయ్ తండ్రి దగ్గర పవర్ ఆఫ్ అటార్నీ సంపాదించి కంపెనీ కాజేశాడు. అజయ్ కూడా నమ్మకంగా మెలిగి, అదే పవర్ ఆఫ్ అటార్నీతో కంపెనీని తిరిగి లాక్కుంటాడు. కత్తితో పొడవడం కంటే ఆ కాగితం ముక్క ప్రేక్షకుడికి ఎక్కువ తృప్తినిస్తుంది. స్క్రిప్టు రాసే పిల్లలకు నేను ఈ ముక్క పదేపదే చెబుతాను. మీ హీరోకి జరిగిన అన్యాయం ఏ వస్తువుతో జరిగిందో, పగ కూడా ఆ వస్తువుతోనే తీరేలా చూడండి.

అపోహ: నటుడికి స్టార్‌డమ్ ఉంటే ఏం చేసినా జనం క్షమిస్తారు.

వాస్తవం: ఇదే షారుఖ్‌ని తీసుకోండి. బాజీగర్‌కి ఉత్తమ నటుడిగా ఫిల్మ్‌ఫేర్ అందుకున్నాడు. మరుసటి ఏడాది, 1994లో, 'అంజామ్' వచ్చింది. అందులో తనను కాదన్న మాధురీ దీక్షిత్ పాత్ర జీవితాన్ని ముక్కలు చేసే మనిషి అతను. దానికి వచ్చిన ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ విలన్‌ది. ముఖం ఒకటే, మెడలు విరిచే చూపూ దాదాపు అదే. ఒక పాత్రకు గాయం ఉంది, రెండోదానికి మొండి కోరిక తప్ప మరేమీ లేదు. జనం ఆ తేడాను పట్టేశారు.

ముఖం ఒక్కటే అర్థాన్ని మోయలేదని మా పనిలో తొలి పాఠం. వందేళ్ల కిందట రష్యాలో కులెషోవ్ అనే దర్శకుడు ఒక నటుడి ముఖాన్నే ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన అతికించి చూపించాడట. చూసేవాళ్లు ఒకసారి ఆకలి, ఒకసారి దుఃఖం చూశారంటారు. జాలి కూడా అంతే. హంతకుడి క్లోజప్ తర్వాత ఏ షాట్ పెడతామన్నది చూసుకోవాలి.

అపోహ: విలన్‌ని హీరో చేయడం హిందీవాళ్ల నుంచి, ఇంగ్లీషువాళ్ల నుంచి వచ్చిన ఫ్యాషన్.

వాస్తవం: ఎన్.టి.ఆర్. 1961లో 'సీతారామ కల్యాణం' తీసి అందులో రావణుడు వేశారు. 1977లో 'దానవీరశూరకర్ణ'లో కర్ణుడితో పాటు దుర్యోధనుడూ ఆయనే. ఆ దుర్యోధనుడి డైలాగులు ఈనాటికీ మన కాలేజీ ఫంక్షన్లలో వినిపిస్తాయి. అసలు పద్యనాటకం చూస్తూ పెరిగిన ఉత్తరాంధ్రవాళ్లకి ప్రతినాయకుడికి చప్పట్లు కొట్టడం ఎవరో వచ్చి నేర్పాలా?

ఇంకా వెనక్కి వెళ్తే అశ్వత్థామ ఉన్నాడు. తండ్రిని మోసంతో చంపారన్న పగతో అర్ధరాత్రి శిబిరంలో చొరబడి, నిద్రపోతున్న ఉపపాండవులను నరికేశాడు. కట్టేసి ద్రౌపది ముందుకు తెచ్చినప్పుడు ఆవిడ ఏమంది? వదిలేయమంది. నేను నా బిడ్డల కోసం ఏడుస్తున్నట్టు ఇతని తల్లి కృపి ఏడవకూడదంది. పోతన భాగవతంలో ఈ ఘట్టం చదివిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది. ఇక్కడ జాలి పుట్టించింది హంతకుడి ఏడుపు కాదు, పిల్లలను పోగొట్టుకున్న తల్లి మాట. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వస్తుంది.

అపోహ: చివర్లో విలన్ చావకపోతే సెన్సార్ ఇవ్వరు.

వాస్తవం: అలాంటి రూల్ లేదు. నేరం చేసినవాడు లాభపడకూడదన్న కట్టుబాటు అమెరికాలో హేస్ కోడ్ అనే సినిమా నియమావళి అమల్లో ఉన్న రోజుల్లోది, 1968లో దాన్నీ తీసేశారు. మన దగ్గర 1991 నాటి మార్గదర్శకాలు హింసను గొప్ప చేసి చూపొద్దు, సమర్థించొద్దు అంటాయి, అంతే. అజయ్ తల్లి ఒడిలో ప్రాణం విడవడం ఆ కథకు కావాలి కాబట్టి ఉంది.

అపోహ: పగ తీరాక ప్రేక్షకుడికి హాయిగా ఉండాలి.

వాస్తవం: ఉండాలనేం లేదు. 2015లో వచ్చిన 'బద్లాపూర్'లో భార్యనూ కొడుకునూ పోగొట్టుకున్న రఘు పదిహేనేళ్లు కాచుకుని పగ తీర్చుకుంటాడు. తీర్చుకునే కొద్దీ మనకు దూరమవుతాడు. నవాజుద్దీన్ వేసిన దొంగ లియాక్, చావు దగ్గరపడ్డాక, రఘు చేసిన హత్యల్ని తన నెత్తిన వేసుకుంటాడు. ఎవరు హీరో, ఎవరు విలన్ అన్నది అక్కడ తారుమారైపోతుంది.

అపోహ: బలైపోయిన పాత్రను ఎంత తొందరగా మరిపిస్తే హంతకుడికి అంత మేలు.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. దీని గురించి నాకు ఒక సినిమా నేర్పింది.

ఫిషింగ్ హార్బర్ నేపథ్యంలో ఇరవై రెండు నిమిషాల షార్ట్ ఫిల్మ్ అది. తీసిన కుర్రాడిది పెదజాలారిపేట. తండ్రి మరబోటుని అప్పు కింద కాజేసిన వ్యాపారి ఒకడు. ఏళ్లు గడిచాక కొడుకు పేరు మార్చుకుని అతని దగ్గరే పనికి చేరతాడు. ఐస్ ఫ్యాక్టరీలో లెక్కలు రాసే అమ్మాయి ఇతన్ని గుర్తుపడుతుంది. నిజం బయటికి పొక్కకుండా ఆమెను సముద్రపు ఒడ్డున రాళ్ల మీదికి రమ్మని పిలిచి తోసేస్తాడు. షూటింగ్ చాలా బాగా చేశారు, రాళ్ల మీద అల విరిగే షాట్లు ఇప్పటికీ నా కళ్లలో ఉన్నాయి.

రఫ్ కట్‌లో, అంటే మొదటి విడత ఎడిటింగ్‌లో, బోటు ఫ్లాష్‌బ్యాక్ మొదటి నాలుగు నిమిషాల్లోనే ఉంది. అమ్మాయి పడిపోగానే కట్ చేసి, వ్యాపారి ఇంటి మీదికి వెళ్లిపోయాం. మిగతా పన్నెండు నిమిషాల్లో ఆమె ఊసే లేదు. పది మందిని పిలిచి చూపించాం. అంతా బావుందన్నారు. హీరో వేసిన అబ్బాయి వాళ్ల అమ్మగారు మాత్రం ఏమీ అనకుండా కూర్చున్నారు. ఏం అమ్మా, నచ్చలేదా అని అడిగాను.

"ఆడికి కష్టమొచ్చింది, సరే బాబూ. మరి ఆ పిల్లేటి సేసింది?"

దర్శకుడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. నాకు మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు. మర్నాడు బాజీగర్ మళ్లీ చూశాను, సీమ చనిపోయాక ఏం జరుగుతుందో మాత్రమే చూద్దామని. అజయ్ ఆమెతో ముందే చనిపోతున్నానని ఉత్తరం రాయించుకున్నాడు కాబట్టి ఆత్మహత్య అనుకుంటారు. చెల్లెలు ప్రియ మాత్రం నమ్మదు. కాజోల్ వేసిన ఆ ప్రియ తవ్వుతూ పోతుంటే, నిజం బయటపెట్టగలిగే మనుషుల్ని అజయ్ చంపుతూ పోతాడు. సినిమా చివరిదాకా ఎవరో ఒకరు సీమ గురించి అడుగుతూనే ఉంటారు. ఆమె మరణాన్ని సినిమా మరిచిపోలేదు. అందుకే అజయ్ మీద జాలిపడటానికి మనకు సిగ్గు వేయదు. చచ్చిపోయిన పిల్ల తరఫున తెరమీద ఒకరు ఏడుస్తున్నారు కాబట్టి మనం ధైర్యంగా రెండోవైపు కూడా చూడగలుగుతాం. అశ్వత్థామ ఘట్టంలో ద్రౌపది చేసింది కూడా అదే.

సిస్టమ్ ముందు కూర్చుని ఫ్లాష్‌బ్యాక్‌ని ఎత్తి హత్య తర్వాతికి మార్చాం. ఆ తర్వాత రషెస్ అంతా, అంటే షూట్ చేసిన ముడి ఫుటేజ్ అంతా, వెతికితే వాడని షాట్ ఒకటి దొరికింది. రాయి మీద ఆ అమ్మాయి టిఫిన్ బాక్స్, మూత సగం తెరిచి ఉంది. కెమెరామన్ ఊరికే తీసి పెట్టుకున్నాడు. మొదట రెండు సెకన్లు, అంటే నలభై ఎనిమిది ఫ్రేములు పెట్టాం. చాల్లేదు. నాలుగు సెకన్లకు పెంచాం. ఆర్ఆర్ (నేపథ్య సంగీతం) అంతా తీసేసి సముద్రం హోరు ఒక్కటే ఉంచాం. తర్వాత ఫ్యాక్టరీలో ఆమె కుర్చీ ఖాళీగా ఉన్న షాట్ ఒకటి, హీరో దాని పక్కనుంచి నడిచి వెళ్లేటప్పుడు.

ఆ అమ్మగారిని మళ్లీ పిలిచి చూపించాం. ఈసారి టిఫిన్ బాక్స్ దగ్గర చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. చివర్లో హీరో జెట్టీ మీద ఒంటరిగా కూర్చున్నప్పుడు కూడా కళ్లు తుడుచుకున్నారు. లైట్లు వేశాక, "ఆ పిల్ల పేరేటి బాబూ?" అని అడిగారు.

దర్శకుడు నావైపు చూశాడు. స్క్రిప్టులో 'లెక్కలు రాసే అమ్మాయి' అని తప్ప పేరు లేదు. డబ్బింగ్ ఇంకా పూర్తి కాలేదు కాబట్టి సరిపోయింది. ఖాళీ కుర్చీ షాట్‌లో, ఫ్రేమ్ బయటినుంచి ఒక ముసలి గొంతుతో ఒక్క మాట చెప్పించి కలిపాం. "నూకరత్నం ఇంకా రాలేదేటి?"