సైబీరియా పక్షులు కావు, మనవే: జూ వెనక గదుల్లో మన జంతువుల కథ

శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చెట్ల నిండా పక్షులు గూళ్ళు కడతాయి. ఇవి ఎక్కడి పక్షులని ఎవరిని అడిగినా "సైబీరియా నుంచి వస్తాయండి" అంటారు. చిన్నప్పుడు నేనూ అదే విన్నాను, చుట్టాలొస్తే అదే చెప్పాను. కానీ అక్కడ పిల్లల్ని చేసే గూడబాతులకీ, ఎర్రకాళ్ళ కొంగలకీ సైబీరియాతో ఏ సంబంధమూ లేదు. ఇవి మన దేశపు పక్షులు. కొల్లేరులో, నేలపట్టులో, ఉప్పలపాడులో గూళ్ళు పెట్టేవీ ఇవే. నీళ్ళూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి తిరుగుతాయి. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లని పట్టుకుని పరాయి దేశపు అతిథి అంటున్నాం మనం.

ఈ అలవాటు పక్షులతో ఆగలేదు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి స్కూలు పిల్లల బస్సులు విశాఖ జూకి వెళ్తుంటాయి. పిల్లలు హిప్పో దగ్గర ఆగుతారు. రేసుకుక్కల (మన అడవి కుక్కల) ఎన్‌క్లోజర్ దగ్గరికి వచ్చేసరికి "కుక్కలేరా" అనుకుని ముందుకు పోతారు. తప్పు పిల్లలది కాదు. జూ అంటే ఏమిటో మనకి మొదటినుంచీ అలాగే నేర్పారు.

మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1855లో మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్వర్డ్ బాల్ఫోర్ ఆ మ్యూజియం ఆవరణలో జంతువుల్ని పోగుచేసి జూ మొదలుపెట్టాడు. బతికున్న జంతువు కనిపిస్తే మ్యూజియానికి జనం ఎక్కువ వస్తున్నారని ఆయన గమనించాడు. రాజులూ తమ తోటల్లో పులుల్నీ చిరుతల్నీ పెంచింది దర్జా కోసమే. అంటే జూ పుట్టిందే చూడ్డానికి. వింతగా, పెద్దగా, దూరదేశపుదై ఉంటేనే దానికి చోటు. మన పొలం గట్టు మీద కనిపించే ఉడుముని డబ్బులిచ్చి చూసేదెవరు?

రేసుకుక్క గతి ఇంకా దారుణం. దాన్ని పురుగుని చూసినట్టు చూశారు. చంపి తెచ్చినవాళ్ళకి బ్రిటిష్ సర్కారు బహుమతి ఇచ్చేది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చేదాకా ఆ బహుమతులు సాగాయి. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద పిల్లల్ని కనే స్థితిలో ఉన్న రేసుకుక్కలు 949 నుంచి 2,215 మాత్రమే ఉంటాయని అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ అంచనా.

ఈ జంతువుని దగ్గరగా చూస్తే మనసు మారుతుంది. ఇటుక రంగు ఒళ్ళు, నల్లటి కుచ్చు తోక. మొరగదు, ఈల వేస్తుంది. అడవిలో చెదిరిపోయిన గుంపు ఆ ఈలల మీదే మళ్ళీ ఒకచోట కలుస్తుంది. వేట పడగానే ముందు పిల్లల్ని తిననిచ్చి, పెద్దవి పక్కన కాపలా కాస్తాయి. ఇంత కుటుంబ మర్యాద ఉన్న జంతువుని దొంగకుక్కలా చూశామే అని నాకు బాధగా ఉంటుంది.

విశాఖలో ఇందిరాగాంధీ జూ పార్కు 1977లో జనం కోసం తెరుచుకుంది. అప్పటికి మన దేశంలో జూలకి ఒక గట్టి నియమావళి లేదు. 1991లో వన్యప్రాణి చట్టాన్ని సవరించారు, 1992లో కేంద్ర జూ ప్రాధికార సంస్థ ఏర్పడింది. 1998లో జాతీయ జూ విధానం వచ్చింది. జూ మొదటి పని అడవిలో జరిగే సంరక్షణకి తోడ్పడటమేనని అందులో స్పష్టంగా రాశారు. ఏ అరుదైన జంతువుని ఏ జూ పెంచాలో పంచారు. రేసుకుక్కల బాధ్యత తీసుకున్న జూలలో మన విశాఖ ఒకటి. ఇక్కడ ఒక జంటని తెచ్చి పెడితే సరిపోదు, గుంపు కుదరాలి. ఏ ఆడదానికి ఏ మగదాన్ని కలపాలో, దగ్గరి రక్తం కలవకుండా ఎలా చూడాలో స్టడ్‌బుక్‌లో, అంటే వంశాల లెక్క పుస్తకంలో, రాసుకుంటూ పోవాలి. ఇదంతా సందర్శకులకి కనిపించని పని.

ఆ పని ఎంతదూరం పోగలదో హైదరాబాద్ నెహ్రూ జూ చూపించింది. మూషిక జింక మీకు తెలుసా? మూడు కిలోలకి అటూ ఇటూగా తూగుతుంది. కొమ్ములుండవు, కాళ్ళు పెన్సిళ్ళలా ఉంటాయి. ఆకు అలికిడికే హడలిపోయే ప్రాణం. 2010లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ అనే వన్యప్రాణి ప్రయోగశాల శాస్త్రవేత్తలు, జూ సిబ్బంది కలిసి జనం కంటపడని చోట వీటిని పెంచడం మొదలుపెట్టారు. పట్టుకుని సూది గుచ్చితే టెన్షన్‌తోనే చచ్చిపోతుందేమోనని, పేడలో హార్మోన్లు పరీక్షించి అది చూలుతో ఉందో లేదో తెలుసుకున్నారు. సంతతి పెరిగింది. 2017లో 8 జింకల్ని అమ్రాబాద్ అడవికి తీసుకెళ్ళి, ముందు కంచె లోపల అలవాటు చేశారు. పోస్టర్ మీద ఎప్పుడూ బొమ్మ పడని జంతువు కోసం ఇన్నేళ్ళు కష్టపడినవాళ్ళకి దణ్ణం పెట్టాలి. అయితే అక్కడ తిరిగి వదలడానికి అడవి మిగిలి ఉంది కాబట్టే అది సాధ్యమైంది.

ఇచ్ఛాపురం వైపువాళ్ళకి భువనేశ్వర్ నందన్‌కానన్ కొత్త కాదు. జూలో మొసలి జాతి ఘరియాల్ పిల్లలు మొదటిసారి పుట్టింది 1980లో అక్కడే. ఒళ్ళంతా పొలుసులుండే అలుగు (పాంగోలిన్) పెంపకం కూడా వాళ్ళే చేపట్టారు. అలుగుని బోనులో బతికించడం చాలా కష్టం. దాని తిండి చీమలు, చెదలు. ఈనితే సాధారణంగా ఒక్కటే పిల్ల. పొలుసుల కోసం దాన్ని ఎంతగా చంపుతున్నారంటే, 2016లో ప్రపంచ దేశాలు అన్ని రకాల అలుగుల అంతర్జాతీయ వ్యాపారాన్నీ నిషేధించాల్సి వచ్చింది. తూర్పు కనుమల్లో ఏదో ఊరివాళ్ళు అలుగుని పట్టి అప్పగిస్తే, ఆ రాత్రి దానికి ఏం పెట్టాలో చెప్పగలిగేది ఆ జూలో నేర్చుకున్నవాళ్ళే.

చెరుకు నరికేటప్పుడు దొరికే బావురుపిల్లి కూనల సంగతీ అంతే. చిరుతపిల్లలని హడావిడి పడి, ఫొటోలు తీసి, ఎత్తుకొచ్చేస్తాం. అక్కడే వదిలి దూరం జరిగితే చీకటి పడ్డాక తల్లి వచ్చి నోట కరుచుకుపోతుంది. ఈ ఒక్క మాట జూవాళ్ళు మన ఊళ్ళకొచ్చి చెప్పినా ఎన్నో కూనలు తల్లి దగ్గర బతుకుతాయి.

2021 చివర్లో తేలినీలాపురంలో గూడబాతులు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. పరీక్షల్లో కడుపులో నట్టలు బయటపడ్డాయి, చేపల ద్వారా చేరి ఉంటాయని అధికారులు అనుమానించారు. పశువులకి నట్టల మందు పోసే డాక్టర్లు మనకి మండలానికొకరు ఉన్నారు. గూటి కింద పడి నోరు తెరుస్తున్న గూడబాతు పిల్లకి ఎంత మందు, ఏ చేపలో పెట్టి మింగించాలో రోజూ ఆ పని చేసే డాక్టరు మాత్రం జూలోనే ఉంటాడు.