ఉపన్యాసం: మొదలుకు పేరు, మొత్తానికి చెల్లింది

ఎవరైనా అడక్కుండానే సలహాలు గుప్పిస్తుంటే నెల్లూరు వైపు "ఇంక ఉపన్యాసం ఇయ్యబాకయ్యా" అంటారు. విసుక్కోవడానికి కూడా పనికొచ్చేంత ఇంటిమాట అయిపోయింది గానీ, సంస్కృతంలో దీనికి మొదట ఇంత నిడివి లేదు.

'అస్' ధాతువుకు వేయడం, విసరడం అని అర్థం. దానికి 'ని' చేరితే న్యాసం, అంటే ఉంచడం. ముందు 'ఉప' కూడా చేరితే దగ్గరగా తెచ్చి ఉంచడం. చెప్పదలచుకున్న సంగతిని ఎదుటివాళ్ల ముందు పెట్టడమన్నమాట. పూజలో అంగన్యాసం, కరన్యాసం చేసేవాళ్లకూ, బళ్లో అర్థాంతరన్యాసాలంకారం బట్టీపట్టినవాళ్లకూ ఈ న్యాసం పాతచుట్టమే. సన్న్యాసం, విన్యాసం, అభ్యాసం, చివరికి వ్యాసం కూడా ఆ ధాతువు సంతానమే. ఆగస్టు 23న టంగుటూరి ప్రకాశం పంతులు జయంతికి ఒంగోలులో ఏ బడైనా వ్యాసరచన పోటీ, ఉపన్యాస పోటీ పక్కపక్కనే పెట్టిందంటే, అక్కాచెల్లెళ్లను ఒకచోట కూర్చోబెట్టినట్టే.

అమరకోశం ఇంకా ముచ్చటగా చెబుతుంది: "ఉపన్యాసస్తు వాఙ్ముఖమ్". వాఙ్ముఖం అంటే మాటకు ముఖం, మాట ఎత్తుకోవడం. మన సభల్లో ఆ ఎత్తుకోవడమే గంటసేపు సాగుతుంది, అది వేరే సంగతి.

ఈ పదం దారులు చీలింది 19వ శతాబ్దంలో. ఇంగ్లీషు నుంచి వచ్చిన నావెల్‌కు పేరు కావలసి వచ్చినప్పుడు బెంగాలీలు ఉపన్యాసాన్నే పట్టుకున్నారు. 1865లో వచ్చిన బంకించంద్రుడి 'దుర్గేశనందిని' వాళ్లకు ఉపన్యాసమే. హిందీ, ఒడియాల్లోనూ అంతే. మరాఠీలు, కన్నడిగులు బాణుడి కథానాయిక పేరే పెట్టి కాదంబరి అన్నారు. మనవైపు కందుకూరి వీరేశలింగం 'రాజశేఖర చరిత్ర'ను వచన ప్రబంధం అన్నారు. తర్వాత నవల అనే మాట స్థిరపడింది. ఉపన్యాసం వక్తలకే మిగిలింది. నెల్లూరులో రైలెక్కి చెన్నైలో దిగితే మళ్లీ ఇంకో అర్థం: అక్కడ ఉపన్యాసమంటే ముఖ్యంగా రామాయణమో భాగవతమో చెప్పడం.

చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పనికొచ్చిన ఒడియా కుర్రాడికి "సాయంత్రం ఉపన్యాసం ఉంది" అంటే ఎవరో నవల చదువుతారనుకుంటాడు. కావలిలో కాలేజీ తెలుగు మాస్టారు తన పేరు కింద 'ఉపన్యాసకులు' అని వేసుకుంటే, హిందీ మాస్టారు "ఏం నవలలు రాశారండీ?" అని అడిగినా తప్పుపట్టలేం.