పెట్టెలో ఉన్నా పాము పామే

జర్మనీలోనో ఫ్రాన్స్‌లోనో ఏ సూపర్ మార్కెట్‌కైనా వెళ్లి, సింకు పూడుకుపోతే పోసే డ్రెయిన్ క్లీనర్ డబ్బా ఒకటి తీసుకుని వేళ్లతో తడిమి చూడండి. ఒకచోట చిన్న త్రికోణం ఉబ్బెత్తుగా తగులుతుంది. అది చూపు లేనివాళ్ల కోసం. వేలికి అది తగిలిందంటే లోపల ఉన్నదానితో జాగ్రత్త అని అర్థం. మూత కూడా ఊరికే తిప్పితే రాదు. పిల్లల చేతికి చిక్కినా తెరుచుకోకుండా బిగించి ఉంటుంది.

త్రికోణం నుంచి మూత దాకా అన్నీ చట్టం పెట్టించినవే. యూరోపియన్ యూనియన్ చేసిన ఆ చట్టాన్ని సీఎల్‌పీ అంటారు. వర్గీకరణ, లేబులింగ్, ప్యాకింగ్ అనే మూడు మాటల ఇంగ్లిష్ పొడి అక్షరాలవి. రసాయనాల ప్రమాదాలను అన్ని దేశాల్లో ఒకేలా వర్గీకరించి లేబుల్ వేయడానికి ఐక్యరాజ్యసమితి 2003లో ప్రచురించిన జీహెచ్‌ఎస్ పద్ధతే దీనికి ఆధారం. 2009 జనవరి 20న ఇది అమల్లోకి వచ్చింది. విడి పదార్థాలకు 2010 డిసెంబరు 1 నుంచి, మిశ్రమాలకు 2015 జూన్ 1 నుంచి కొత్త లేబుల్ తప్పనిసరి అయింది. అంతకుముందు నారింజ రంగు చతురస్రంలో నల్ల బొమ్మ ఉండేది. ఇప్పుడు తెల్లటి డైమండ్‌కు ఎర్ర అంచు.

మన డబ్బా మీది డైమండ్‌లో రెండు గొట్టాల నుంచి ద్రవం కారుతుంటుంది. ఒకటి చేతిని తినేస్తుంటే ఇంకొకటి లోహాన్ని తినేస్తుంటుంది. పక్కనే ఒకే ఒక్క మాట, జర్మనీలో అయితే ‘గెఫార్’. అంటే ప్రమాదం. తీవ్రత కాస్త తక్కువైతే ‘ఆఖ్‌టుంగ్’, అంటే హెచ్చరిక. రెండూ వర్తించే చోట పెద్దది మాత్రమే వేయాలి. దాని కింద ‘చర్మానికి తీవ్రమైన కాలిన గాయాలు, కళ్లకు హాని కలిగిస్తుంది’ అనే వాక్యం. చట్టంలో దీని నంబరు హెచ్314. ఇలాంటి వాక్యాలను కంపెనీ తన సొంత మాటల్లో రాయడానికి వీల్లేదు. ఏ భాషలో ఏ మాట ఉండాలో చట్టం అనుబంధంలోనే అచ్చేశారు.

ఇక జాగ్రత్తల వాక్యాలు. వాటిలో ఒకటి మనవాళ్లు ప్రత్యేకంగా చూడాలి: మింగితే నోరు కడగండి, వాంతి చేయించవద్దు. ఎవరైనా ఏదైనా మింగారంటే మన ఇళ్లల్లో ముందు ఉప్పునీళ్లు తాగించి కక్కిస్తారు కదా. ఇలాంటి డబ్బాల్లో తరచుగా ఉండే కాస్టిక్ సోడా దిగేటప్పుడు ఒకసారి గొంతును కాలుస్తుంది, కక్కిస్తే పైకి వచ్చేటప్పుడు మరోసారి కాలుస్తుంది.

ఏ సీసాకు ఏ గుర్తో ఎవరు తేలుస్తారు? ప్రభుత్వం అన్నిటినీ తేల్చదు. చాలా పదార్థాలకు తయారీదారుడో దిగుమతిదారుడో ఉన్న సమాచారాన్ని బట్టి తానే వర్గీకరించుకోవాలి. హైదరాబాద్ నుంచి ఒక డ్రమ్ము యూరప్‌కు వెళ్లిందంటే, చట్టం ముందు జవాబుదారీ అక్కడ దిగుమతి చేసుకున్నవారే. కాబట్టి లెక్కలన్నీ ఇక్కడివాళ్లనే అడుగుతారనుకోండి. కొన్ని పదార్థాలకు మాత్రం యూరప్ మొత్తానికీ ఒకే వర్గీకరణ ఖాయం చేశారు. కాస్టిక్ సోడా అందులో ఉంది. ద్రావణంలో అది 2 శాతం, ఆపైన ఉంటే చర్మాన్ని తినేసే రకం, ప్రమాదం. 0.5 నుంచి 2 శాతం లోపు అయితే చికాకు పెట్టే రకం, ఆశ్చర్యార్థకం గుర్తు, హెచ్చరిక. 1.9 శాతం సీసాకూ 2 శాతం సీసాకూ చర్మం తేడా పట్టగలదా అంటే అనుమానమే. కానీ గీత ఎక్కడో ఒకచోట గీయాలి కదా.

చాలామంది పొరబడే సంగతి ఇంకొకటుంది. లేబుల్ చెప్పేది పదార్థం స్వభావం గురించి. అది మీకు ఎంత తగులుతుంది, ఎలా వాడతారు అన్నది వేరే లెక్క. తాచుపామును గాజు పెట్టెలో పెట్టినా అది తాచుపామే. కాటు పడుతుందా లేదా అనేది పెట్టెను బట్టి ఉంటుంది. సీఎల్‌పీ పామును చూస్తుంది, పెట్టెను చూడదు.

టైటానియం డయాక్సైడ్ దగ్గర ఈ తేడాయే పెద్ద గొడవైంది. గోడల తెల్ల పెయింటుకు తెలుపునిచ్చేది ఇదే. దీన్ని పీలిస్తే క్యాన్సర్ వస్తుందనే భావించాలంటూ ఫ్రాన్స్ ప్రతిపాదించింది. యూరోపియన్ కమిషన్ అంత దూరం వెళ్లకుండా, 10 మైక్రాన్లకు మించని కణాలు 1 శాతం, ఆపైన ఉన్న పొడిని పీలిస్తే క్యాన్సర్ రావచ్చని అనుమానం అన్న ముద్ర వేసింది. కంపెనీలు కోర్టుకెక్కాయి. పొడి మోతాదు మించి ఊపిరితిత్తుల్లో పేరుకుపోతేనే ఆ హాని, అలా ఏ పొడి పేరుకున్నా అంతే, ఇది దీని స్వభావం ఎలా అవుతుందన్నది వాళ్ల వాదన. 2022 నవంబరు 23న యూరోపియన్ జనరల్ కోర్టు ఆ వర్గీకరణను కొట్టేసింది. అప్పీళ్లు పైకోర్టుకు వెళ్లాయి, 2025 ఆగస్టులో అక్కడా నిలవలేదు. నా మటుకు నాకు కంపెనీల వాదనలో పస ఉందనిపిస్తుంది. కాకపోతే బస్తాలు విప్పి పొడి కుమ్మరించే కార్మికుడికి, హాని స్వభావం వల్లా పోగు వల్లా అన్న చర్చతో పనిలేదు. మాస్కు కావాలి.

స్వభావమే కొలమానం అన్న ఈ చట్టానికి మినహాయింపులూ ఉన్నాయి. సౌందర్య సాధనాలకు, మందులకు, ఆహారానికి అమ్మకానికి సిద్ధమైన రూపంలో సీఎల్‌పీ వర్తించదు. వాటికి వేరే చట్టాలున్నాయి. అందుకే హార్డ్‌వేర్ షాపు అసిటోన్ సీసా మీద మంట బొమ్మ, ఆశ్చర్యార్థకం, ‘గెఫార్’ అన్నీ ఉండి తీరాలి. అదే అసిటోన్ నెయిల్ పాలిష్ రిమూవర్‌గా సౌందర్య సాధనాల అరలోకి చేరితే ఆ ఎర్ర డైమండ్లను సీఎల్‌పీ అడగదు. అగ్గిపుల్ల దగ్గరికి తెస్తే మాత్రం రెండూ ఒకేలా అంటుకుంటాయి.