మైక్రోఈడీనా, 3డీ ఈడీనా? పేచీ 2013 నాటిది

సూక్ష్మ స్ఫటికాల నుంచి ప్రోటీన్ నిర్మాణం తేల్చే ఎలక్ట్రాన్ డిఫ్రాక్షన్ (స్ఫటికంలో ఎలక్ట్రాన్లు చెదిరే తీరు చూడటం, పొట్టిగా ఈడీ) పద్ధతిని ఏమని పిలవాలన్న పాత పేచీ మళ్లీ పైకొచ్చింది. అమెరికాలో ఎక్కువగా మైక్రోఈడీ అంటారు, యూరప్‌లో 3డీ ఈడీ అంటారు. పేరు కోసం ఇంత రభసా అనిపించవచ్చు. కానీ ముందు చేసిందెవరన్న లెక్క తేలకే ఈ రభస.

ఎక్స్‌రే క్రిస్టలోగ్రఫీలో స్ఫటికంపై ఎక్స్‌రేలు వేసి, అవి చెదిరి డిటెక్టర్‌పై పడే మచ్చల తీవ్రతలను బట్టి అణువు నిర్మాణం తేలుస్తారు. స్ఫటికం మరీ చిన్నదైతే సరిపడా డేటా రాకముందే ఎక్స్‌రేల ధాటికి పాడైపోతుంది. పనికొచ్చే ఒక్కో చెదరింపుకు ఎలక్ట్రాన్లు చేసే నష్టం అందులో వెయ్యోవంతేనని బ్రిటన్ శాస్త్రవేత్త రిచర్డ్ హెండర్సన్ 1995లోనే లెక్కగట్టారు. అయినా చాలామంది జంకారు. ఎలక్ట్రాన్ ఒకే స్ఫటికంలో పదేపదే చెదిరి మచ్చల తీవ్రతలన్నీ కలగాపులగం చేస్తుందన్న భయం మరి.

అసలు మలుపు 2013. జులైలో నెదర్లాండ్స్‌లోని లీడెన్ నుంచి యాన్ పీటర్ అబ్రహామ్స్ బృందం ఒక పత్రం వెలువరించింది. గుడ్డు తెల్లసొనలో ఉండే లైసోజైమ్‌ను తీసుకుని, మైక్రాన్ కూడా లేని దాని స్ఫటికాన్ని ఎలక్ట్రాన్ కిరణంలో తిప్పుతూ మెడిపిక్స్ డిటెక్టర్‌తో డేటా పట్టారు. నిర్మాణం మాత్రం చూపించలేదు.

నవంబర్‌లో అమెరికాలోని జనీలియా పరిశోధన కేంద్రంలో టమీర్ గోనెన్ బృందం అదే లైసోజైమ్ నిర్మాణాన్ని 2.9 ఆంగ్‌స్ట్రామ్‌ల దాకా చూపించింది (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్లోవంతు, అంకె తగ్గేకొద్దీ వివరం పెరుగుతుంది). కిరణాన్ని బాగా బలహీనపరిచి, స్ఫటికాన్ని కొంచెం వంచి ఆపి ఒక ఫోటో, మళ్లీ వంచి ఇంకో ఫోటో, అలా ఒక్కో స్ఫటికం నుంచి 90 దాకా తీశారు. మైక్రోఈడీ అని పేరు పెట్టింది వీళ్లే.

ఆపి తీసిన ఫోటోలో మచ్చ తీవ్రత కొంతే పడుతుంది. ఆపకుండా తిప్పుతూ తీస్తే మొత్తం దొరుకుతుంది, పైగా ఎక్స్‌రే వాళ్ల సాఫ్ట్‌వేర్‌తోనే పని కానిచ్చేయొచ్చు. జనీలియా 2014లో ఈ దారికొచ్చింది, 2.5 ఆంగ్‌స్ట్రామ్‌లకు చేరింది. నన్నడిగితే పద్ధతి ఊరూరా పాకడానికి కారణం ఈ తిప్పడమే. అది లీడెన్ పత్రం శీర్షికలోనే ఉంది. ప్రోటీన్లు కాని స్ఫటికాలను కొద్దికొద్దిగా వంచుతూ జర్మనీలోని మైన్జ్‌లో ఊటే కోల్బ్ బృందం 2007 నాటికే డేటా తీసింది. స్టాక్‌హోమ్ వాళ్లదీ అదే బాట.

నిర్మాణం చూపించందే పద్ధతి అయినట్టు కాదన్నది అమెరికా పక్షం మాట. పార్కిన్సన్స్‌తో ముడిపడిన ఆల్ఫా సిన్యూక్లిన్ ముక్కను వాళ్లు 2015లో 1.4 ఆంగ్‌స్ట్రామ్‌లలో చూపించారు.

సెగ 2018 అక్టోబర్‌లో పెరిగింది. పొడిలోని చిన్న అణువుల నిర్మాణాలతో రెండు బృందాలు ఒకేసారి వచ్చాయి. గోనెన్ తదితరులు ప్రొజెస్టెరాన్ పొడితో, టిమ్ గ్రూనె తదితరులు జలుబు మాత్ర గొట్టం విప్పి తీసిన పారాసెటమాల్‌తో. రసాయన శాస్త్రవేత్తలు నోరెళ్లబెట్టారు. ఇవి పదేళ్లుగా చేస్తున్నవాళ్లకు చిర్రెత్తడం సహజం.

2019లో కోల్బ్, అబ్రహామ్స్ తదితరులు రాసిన సమీక్ష ఈ పద్ధతులన్నిటికీ 3డీ ఈడీ అన్న పేరే వాడింది. ఇప్పుడు కొందరు ఎటూ తేల్చకుండా మధ్యలో గీత పెట్టి ‘3డీ ఈడీ/మైక్రోఈడీ’ అని రాసేస్తున్నారు. గీతకు ముందు ఏది ఉండాలన్నది ఇంకా తేలలేదు.