టంకం అంటని రోజు

చిత్తూరులో లారీ యజమానులకూ స్పేర్ పార్ట్స్ దుకాణాలకూ మధ్య, ఇంజిన్‌ను చల్లబరిచే రేడియేటర్ మీద పంచాయితీ మళ్లీ మొదలైంది. కొని ఏడాది తిరక్కుండానే ‘ఇంపోర్టెడ్’ సరకు పలమనేరు దారిలోని మొగిలి ఘాట్‌లో పగిలిందని వీళ్లు, నీళ్లు పోసి నడిపిన బండికి వారంటీ ఎక్కడిదని వాళ్లు. చెన్నై రేవులో సరకు ఎలా దిగుతుంది, అక్కడి జీపీ రోడ్డు హోల్‌సేల్ కొట్ల నుంచి పెట్టెలు ఇక్కడికి ఎలా చేరతాయి అన్నది లారీ ఉన్న ప్రతి ఇంటికీ తెలిసిందే. అక్కడి నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. మాటంతా చైనా సరకు మీదా, సుంకాల మీదా నడుస్తోంది గానీ, అసలు మలుపు రేవులో రాలేదు. మిస్త్రీ షెడ్డులో వచ్చింది.

పాత లారీ రేడియేటర్ అంటే రాగి, ఇత్తడి. కారుతుందంటే మిస్త్రీ దాన్ని దించి, మూతులకు రబ్బరు బిరడాలు బిగించి, నీళ్ల తొట్టిలో ముంచి గాలి కొట్టేవాడు. బుడగ లేచిన చోట గీత పెట్టి, ఆరబెట్టి, ఆసిడ్ పూసి, మంట చూపిస్తూ, అతుకు వేసే లోహం టంకాన్ని కరిగించేవాడు. గొట్టాల్లో ఉప్పు పేరుకుంటే ట్యాంకు ఊడదీసి సన్నటి ఇనుప బద్దతో ఒక్కో గొట్టాన్నీ గీకేవాడు. మధ్యాహ్నం దించిన బండి రాత్రికి లోడు ఎక్కించుకునేది. ఇక బాగుపడదు అనుకున్న రేడియేటర్ కూడా తూకానికి వేస్తే రాగి ధర పలికేది.

ఈ జిల్లా డ్రైవర్లకు ఒక అలవాటుంది. బండి వేడెక్కితే తడి గోనెపట్టా వేసి మూత తిప్పడం, టీ కొట్టు పక్కన బోరు కొళాయి కింద క్యాన్ పట్టి పోసేయడం. మన బోర్ల నీళ్లు ఎంత ఉప్పో ఇంట్లో స్టీలు బిందె అడుగు చూస్తే చాలు. ఆ తప్పును రాగి కొంత భరించింది. భరించలేని రోజున మిస్త్రీ ఉన్నాడు.

అల్యూమినియం వచ్చాక ఆ రెండూ పోయాయి. కొత్త రేడియేటర్‌లో గొట్టాలనూ రేకులనూ ఫ్యాక్టరీ కొలిమిలో దాదాపు 600 డిగ్రీల వేడిలో ఒకేసారి అతికిస్తారు. ట్యాంకులు ప్లాస్టిక్‌వి. మధ్యలో రబ్బరు గ్యాస్కెట్ పెట్టి, అంచున ఉన్న అల్యూమినియం పళ్లను మడిచి బిగిస్తారు. మిస్త్రీ టంకం దానికి అంటదు. మంట చూపిస్తే ట్యాంకు మెత్తబడుతుంది. ప్లయర్‌తో పన్నూ పన్నూ ఎత్తి గ్యాస్కెట్ మార్చినా, తిరిగి మడిచేటప్పుడు కొన్ని విరుగుతాయి. ‘అన్నా, ఇది చేసేది కాదు, మార్చేది’ అనే మాట షెడ్డుల్లో అప్పటి నుంచే వినిపిస్తోంది. మార్చాలంటే కొత్తది కావాలి. బండి కంపెనీ షోరూం చెప్పే ధర విన్నవాడు పక్క దుకాణంలో చవకది అడుగుతాడు. దిగుమతికి దారి వేసింది ఆ ప్రశ్నే.

దాన్ని వెడల్పు చేసినవి కాలుష్య నిబంధనలు. 2017 మార్చి 29న సుప్రీంకోర్టు ఏప్రిల్ 1 నుంచి బీఎస్-3 (భారత్ స్టేజ్ 3 పొగ ప్రమాణం) బళ్ల అమ్మకం కుదరదంది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చింది. పొగలో కొంత భాగాన్ని చల్లార్చి మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ ఉన్న బళ్లలో ఆ వేడి కూడా రేడియేటర్‌లో తిరిగే చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్ నెత్తినే పడుతుంది. బంగారుపాళ్యం దాటి లోడుతో పలమనేరు వైపు ఎక్కే బండిలో వేడి చూపే ముల్లు ఎందుకు ఊగుతుందో ఇక చెప్పనక్కర్లేదు.

సుంకం సంగతికి వస్తే, 2018 బడ్జెట్ బండి విడిభాగాల మీద కస్టమ్స్ సుంకాన్ని 15 శాతానికి పెంచింది. ఆ లెక్కన 100 రూపాయల సరకుకు సుంకం 15, దాని మీద సర్‌చార్జి రూపాయిన్నర. మొత్తం 116.50 మీద 28 శాతం ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ) వేస్తే 149 దాటేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 18 శాతమైంది గనక అదే లెక్క 137.50 దగ్గర ఆగుతుంది. ఇక్కడే యజమానుల కడుపుమంట. దుకాణం కట్టిన పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా దుకాణానికి తిరిగొస్తుంది. క్రెడిట్ లేని 5 శాతం పద్ధతిలో కిరాయి తోలే లారీకి అది రాదు, మొత్తం ఖర్చే. తగ్గిన పన్ను బిల్లులో కనబడాలి. చేతికిచ్చేది పన్ను బిల్లు కాక ఎస్టిమేట్ చీటీ అయితే ఎక్కడ కనబడుతుంది?

దుకాణదారుల మాటలోనూ నిజముంది. ఉప్పునీళ్లు అల్యూమినియాన్ని చిన్న చిన్న గుంటలుగా తినేస్తాయి. కూలెంట్, శుద్ధి చేసిన నీళ్లు కలిపి పోయాల్సిన చోట బోరు నీళ్లు పోస్తే సరకు ఏ దేశానిదైనా నిలవదు. తిరిగొచ్చిన రేడియేటర్‌లో తెల్లటి పొర చూపిస్తున్నారు కూడా. కానీ అమ్మేటప్పుడు ఆ మాట ఎందరు చెప్పారు? కూలెంట్ డబ్బా కూడా తీసుకెళ్లమని ఎందరు అన్నారు? వారంటీ అడిగిన రోజున గుర్తొచ్చే షరతును అమ్మిన రోజున చెప్పి ఉంటే ఈ తగాదాలో సగం ఉండేది కాదు.

ఇప్పుడు కొందరు వినియోగదారుల కమిషన్‌కు వెళ్తామంటున్నారు. 2019 చట్టం ప్రకారం వ్యాపారానికి కొన్న వస్తువు మీద అక్కడ ఫిర్యాదు నిలవదు. సొంతంగా పనిచేసుకుంటూ పొట్టపోసుకోవడానికే కొన్నదైతే మినహాయింపు ఉంది. అంటే తన ఒక్క బండిని తానే తోలుకునేవాడు వెళ్లగలడు, పది బళ్ల యజమానికి కష్టం. లోపమున్న సరకుకు జవాబు చెప్పాల్సిన ‘విక్రేత’ అనే మాటలోకి దిగుమతిదారుడినీ అదే చట్టం చేర్చింది. అయితే ఆ దిగుమతిదారుడెవరు? పేరు, చిరునామా, తయారైన దేశం, ఎంఆర్‌పీ ప్యాకెట్ మీద ఉండాలని తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. అవన్నీ ఉండేది అట్టపెట్టె మీద. బండి షెడ్డులో ఉంటుంది, కుర్రాడు దుకాణం నుంచి రేడియేటర్‌ను భుజాన వేసుకుని వస్తాడు. పెట్టె కౌంటర్ వెనకే ఉండిపోయి, సాయంత్రానికి పాత అట్టల తూకంలో కలిసిపోతుంది.